చెంచు గూడెంలో పథకం ఎలా పనిచేసిందో తేల్చాలంటే: గూడెం మాటతో మొదలుపెట్టే పద్ధతి

ఉమ్మడి కర్నూలు జిల్లాలో నల్లమల అంచునా, అడవి లోపలా ఉన్న చెంచు గూడేలు 2022 విభజన తర్వాత ఎక్కువగా నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారినా పథకాలు ఆగలేదు. ఇళ్లు, బోర్లు, సోలార్ దీపాలు, అంగన్‌వాడీలు, తేనె తీసే కిట్లు వస్తూనే ఉన్నాయి. ఆ వెనకే, పథకం పనిచేసిందా లేదా అని చూడటానికి ఎవరో ఒకరు జీపులో వస్తారు. ఫారాలు నింపుకుని సాయంత్రానికి ఆత్మకూరు చేరుకుంటారు. ఆ ఫారాల్లో గూడెం వాళ్ల పేర్లుంటాయి, వేలిముద్రలుంటాయి. వాళ్ల ఆలోచన మాత్రం కనపడదు. ఏది అడగాలో గూడేనికి రాకముందే నిర్ణయమైపోయింది మరి.

మీరు స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నా, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతూ ఫీల్డ్‌వర్క్‌కు వెళ్తున్నా, ఏదైనా శాఖ తరఫున మూల్యాంకనం చేసే పని ఒప్పుకున్నా ఈ వ్యాసం మీకే. ఇందులో చెప్పేదల్లా ఒకటే. పథకం మంచిదా కాదా అని కొలిచే కొలబద్దను గూడెం వాళ్లే తయారుచేయాలి. మీ ప్రశ్నలు, మీ పట్టికలు, మీ సాఫ్ట్‌వేర్ అన్నీ ఆ తర్వాతే రావాలి.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. చాలామంది ఇది వదిలేసి గూడెంలో తంటాలు పడతారు. డబ్బు ఇచ్చే సంస్థతో మాట్లాడేటప్పుడు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి. మొదటిసారి గూడేనికి వెళ్లొచ్చాక ప్రశ్నలు మార్చుకునే వీలుండాలి. గూడెం మనుషులకు ఇచ్చే కూలికి బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు ఉండాలి. నివేదిక పైవాళ్లకు చేరేలోపు గూడెంలో చదివి వినిపించాలి. ఈ మూడింటికీ ఒప్పుకోని సంస్థ పని పట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండు వారాల్లో రిపోర్టు కావాలంటే ఆ రెండు వారాల్లో చేయగలిగింది తనిఖీ మాత్రమే. దానికి తనిఖీ అనే పేరు పెట్టి చేయండి, తప్పులేదు. ఆదివాసుల అభిప్రాయం తీసుకున్నామని మాత్రం రాయొద్దు.

కూలి సంగతి ఇంకొంచెం చెప్పాలి. జిగురుకో, తేనెకో, కట్టెకో, కూలి పనికో పోవాల్సిన మనిషి మీ ముందు కూర్చుంటే ఆ పూట గడిచేదెలా? మీటింగుకు వచ్చిన అందరికీ ఆ పూట బువ్వ పెట్టండి. మీతో కలిసి పనిచేసే వాళ్లకు రోజుకూలి ఇవ్వండి. అయితే, జవాబుకింత అని డబ్బు ఇవ్వడం మొదలుపెడితే మీకు నచ్చే జవాబులే వస్తాయి.

పులుల అభయారణ్యం లోపలి గూడేలకు వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. శ్రీశైలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు కూడా ముందే చెప్పి వెళ్లండి. ఈ అనుమతులు మీరు గేటు దాటడానికి పనికొస్తాయి. గూడెం ఒప్పుకోలుకు ఇవి బదులు కావు.

చట్టం విషయంలో పొరపాటు పడకండి

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టాన్ని కర్నూలు వైపు గూడేలకు కూడా అంటగట్టి రిపోర్టులు రాస్తుంటారు. ఇటువైపు నల్లమల, ఆ ప్రాంతాలను గుర్తించే రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద లేదు, అందువల్ల పెసా ఇక్కడ వర్తించదు. కృష్ణకు అవతల, తెలంగాణలోని అమ్రాబాద్ వైపు సంగతి వేరు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడా అక్కడా కూడా ఉంది. వ్యక్తిగత పట్టాలతో పాటు, మొత్తం అడవి వనరు మీద ఊరి హక్కు, చెంచుల్లాంటి పీవీటీజీలకు (మరీ వెనకబడినవిగా కేంద్రం గుర్తించిన తెగలకు) ఆవాస హక్కు కూడా అందులో ఉన్నాయి. ఆ చట్టం కింద గ్రామసభ మాటకు విలువుంది. కాబట్టి ఏ పథకాన్ని చూడటానికి వెళ్లినా, ఆ గూడేనికి ఈ హక్కులు ఎంతవరకు దక్కాయో ముందు తెలుసుకోండి. అడవిలోకి స్వేచ్ఛగా పోయి రాలేని చోట తేనె కిట్లు ఎంత లాభం తెచ్చాయని అడగడంలో అర్థమేముంది?

2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటనను ఆమోదించినప్పుడు భారత్ అనుకూలంగా ఓటేసింది. తమ అభివృద్ధిలో ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకునే హక్కు ఆదివాసులదేనని అందులోని 23వ అధికరణం చెబుతుంది. డబ్బిచ్చే సంస్థతో వాదన వస్తే చూపించడానికి ఇది పనికొస్తుంది.

'ఎస్టీ' అని ఒకే గడి పెట్టొద్దు

కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఎస్టీల్లో ఎక్కువమంది సుగాలీలు. చెంచులు చాలా తక్కువ. ఇద్దరినీ ఒకే గడిలో వేసి శాతం తీస్తే సుగాలీ తాండాల లెక్కే మొత్తం లెక్క అయిపోతుంది. చెంచు కుటుంబాల పరిస్థితి ఆ సగటులో కొట్టుకుపోతుంది. తెగ పేరు విడిగా రాసుకోండి, లెక్క కూడా విడిగా తీయండి.

తాండాలో ముసలవ్వలతో మాట్లాడాలంటే సుగాలీల భాష గోర్‌బోలి వచ్చిన మనిషి మీ పక్కన ఉండాలి. చెంచులు తెలుగే మాట్లాడతారు. అందుకని అంతా అర్థమైపోతుందనుకోవద్దు. వాళ్ల యాస, అడవికి సంబంధించిన మాటలు మనకు కొత్త. కడప వైపు యానాదులు, ఎరుకల వాళ్ల దగ్గరికి వెళ్తే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 1871లో మొదలై 1952లో దేశమంతటా రద్దయిన నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసి, పేర్లు నమోదు చేసి, హాజరు తీసుకున్నారు. పేరు, వేలిముద్ర అడిగే కొత్త మనిషిని చూసి జంకితే ఆ తప్పు వాళ్లది కాదు.

గూడేలను ఎంచుకునేటప్పుడు రోడ్డు పక్కనున్న వాటితో సరిపెట్టుకోకండి. బైర్లూటి వంటి రోడ్డు మీది గూడేనికి ఎవరైనా వెళ్తారు. అడవి లోపలున్న పెచ్చెరువు వంటి చోటికీ వెళ్తేనే పథకం ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి

ఆర్థిక సంవత్సరం ముగుస్తోందని అందరూ ఫిబ్రవరి, మార్చిలో పరిగెత్తుతారు. శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలం నడిచిపోయే భక్తులతో నాగలూటి, పెచ్చెరువు దారి నిండి ఉండేది కూడా అప్పుడే. ఎండలు ముదిరితే తేనెకు పోతారు. సంక్రాంతి తర్వాత అహోబిలం నరసింహస్వామి పారువేట ఉత్సవం ఊరూరా తిరుగుతుంటుంది. చెంచులకు ఆయన తమ ఆడబిడ్డను చేసుకున్న అల్లుడు. ఏ నెల తీరికో గూడెంలోనే అడిగి తేదీ పెట్టుకోండి. పగలు గూడెంలో ముసలివాళ్లూ పసిపిల్లలే ఉంటారు. సాయంత్రం అందరూ చేరాక కూర్చుంటే మాట నడుస్తుంది.

మొదటిసారి ఫారం తీసుకెళ్లొద్దు

శాఖ జీపులో దిగకండి, ఆఫీసర్‌ను వెంటబెట్టుకుని పోకండి. పథకం ఇచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఆ పథకం గురించి నిజం ఎవరు చెబుతారు? గూడెం పెద్దమనిషిని ముందు కలవండి. 'పెద్దాయనా, అవ్వా, అక్కా' అని వరస పెట్టి పిలవండి. వాళ్లు కింద కూర్చుంటే మీరూ కిందే కూర్చోండి.

అప్పుడు నాలుగు ముక్కలు సూటిగా చెప్పండి. మమ్మల్ని పంపింది ఫలానా వాళ్లు, డబ్బు వాళ్లదే. మీరు మాతో మాట్లాడినందువల్ల ఇల్లు రాదు, పింఛను రాదు. మాట్లాడనన్నా ఉన్నది పోదు. మీరు చెప్పింది ఎవరెవరు చదువుతారో ఇదీ. వద్దనిపిస్తే మధ్యలో ఆపేయొచ్చు. ఆ రోజుకు ఇంతే. వేలిముద్ర అడగొద్దు, ఫోటో తీయొద్దు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడానికి కొన్ని రోజులు వదిలి మళ్లీ వెళ్లండి. గూడెం సరేనన్నాక కూడా ప్రతి మనిషినీ విడిగా అడగాలి. పెద్దమనిషి ఊ అన్నంత మాత్రాన కోడలు పిల్ల ఒప్పుకున్నట్టు కాదు. వాళ్లు వద్దంటే వెనక్కి వచ్చేయండి. వద్దన్నారనే సంగతి కూడా రిపోర్టులో రాయండి.

కొలబద్ద తయారుచేసే రోజు

ప్రపంచమంతా మూల్యాంకనానికి వాడే కొలమానాలు ఆరున్నాయి: అవసరానికి తగినదేనా, మిగతా పనులతో పొసిగిందా, అనుకున్నది నెరవేరిందా, ఖర్చుకు తగ్గ పని జరిగిందా, చివరికి ఏం మార్పు వచ్చింది, ఆ మార్పు నిలుస్తుందా. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలోని అభివృద్ధి సాయం కమిటీ 1991లో అయిదు పెట్టి, 2019లో 'పొసిగిందా' అనేదాన్ని ఆరోదిగా చేర్చింది. ఇవి చెడ్డవని నేననను. కానీ 'మార్పు' అంటే ఏమిటో, 'అవసరం' ఎవరిదో ఇవి చెప్పవు. అది గూడెమే చెప్పాలి.

ఒక ఇంటి సంగతే తీసుకోండి. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం పీవీటీజీల కోసమే. ఇళ్లు కట్టడం అందులో ఒక పని. ఇంటికి 2.39 లక్షల రూపాయలు. మామూలుగా లెక్క ఎలా తీస్తారు? మంజూరైనవి ఎన్ని, పునాది పడినవి ఎన్ని, పూర్తయినవి ఎన్ని. ఇప్పుడు ఎండాకాలం రాత్రి ఆ గూడేనికి వెళ్లారనుకోండి. సిమెంటు ఇంట్లో బియ్యం బస్తా, సామాన్లు ఉన్నాయి, మనుషులు పక్కనున్న బోదగడ్డి గుడిసెలో పడుకున్నారు. పట్టికలో ఆ ఇల్లు 'పూర్తయింది' గడిలో ఉంటుంది. గూడెం లెక్కలో అది మంచి గాదె. గుడిసె ఎందుకు వదల్లేదని అడిగితే రేకు వేడి అని ఒకరు, వరసలో కట్టారు, మా అన్నదమ్ముల ఇళ్లు దూరమయ్యాయని ఇంకొకరు అనవచ్చు. రాత్రి అడవి చప్పుడు వినపడదని మరొకరు అనవచ్చు. ఇవి మీరు కర్నూలులో కూర్చుని ఊహించి ప్రశ్నలుగా రాయగలిగేవి కావు.

అందుకని ఒక సాయంత్రం దీనికే కేటాయించండి. పథకం పేరు ఎత్తకుండా ఇలా మొదలుపెట్టండి: "ఈ అయిదారేళ్లలో బతుకు ఎక్కడ తేలికైంది, ఎక్కడ కష్టమైంది?" వాళ్లు చెప్పేదాన్ని వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఇలాంటివి వస్తాయి:

– జ్వరమొచ్చిన పిల్లను నడిరాత్రి ఆత్మకూరు చేర్చగలమా?
– అడవిలోకి పోవడానికి ఎవర్నైనా బతిమాలాల్సి వస్తోందా?
– పిల్లోడు హాస్టల్లో ఉంటున్నాడా, పారిపోయి వస్తున్నాడా?
– తేనెకు, జిగురుకు ధర ఎవరు చెబుతున్నారు? జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపో వాళ్లా, ఊళ్లోని సేటా?
– ఆఫీసుకు పోతే కూర్చోమంటున్నారా?

చివరిది చూసి కొందరు కన్సల్టెంట్లు 'ఇది కొలిచేది కాదు' అంటారు. ఎందుకు కాదు? పోయిన సారి ఆఫీసుకు పోయినప్పుడు ఎంతసేపు నిలబెట్టారో, ఎన్నిసార్లు తిప్పారో అడిగితే అంకెలే వస్తాయి. మర్యాద అన్నది పథకం ఫలితాల్లో ఒకటని గూడెం అంటే, అది ఫలితమే.

వచ్చిన వాటిలో ఏది పెద్దదో తేల్చడానికి చిల్లగింజలో చింతపిక్కలో వాడండి. నేల మీద ఒక్కో విషయానికి ఒక్కో గుర్తు పెట్టండి. ఆకు ఒకదానికి, రాయి ఒకదానికి, గిన్నె ఒకదానికి. ఒక్కొక్కరికి పది గింజలిచ్చి, ఎక్కువ ముఖ్యమైన చోట ఎక్కువ వేయమనండి. ఆడవాళ్లవి ఒకసారి, మగవాళ్లవి ఒకసారి వేయించండి. రెండు కుప్పలూ ఒకేలా రావు. ఆ తేడాను చెరిపి సగటు తీయకండి. గూడెం అంటే ఒకే గొంతు కాదు. తేడాలను తేడాలుగానే రాయండి.

ఆ తర్వాత మీ ఆరు కొలమానాలు పక్కన పెట్టుకుని ఏది ఎక్కడ కలుస్తుందో చూడండి. కలవనివి ఉంటే వాటిని తీసేయకుండా విడిగా ఉంచండి. కెనడాలో మిక్‌మా తెగ పెద్దలు ఆల్బర్ట్, ముర్డెనా మార్షల్ 2004లో ముందుకు తెచ్చిన పద్ధతి ఇలాంటిదే. ఒక కంటితో ఆదివాసీ జ్ఞానపు బలాన్ని, రెండో కంటితో పాశ్చాత్య శాస్త్రపు బలాన్ని చూస్తూ రెంటినీ కలిపి వాడమన్నారు. ఆస్ట్రేలియా ప్రొడక్టివిటీ కమిషన్ 2020లో ఇచ్చిన ఆదివాసీ మూల్యాంకన వ్యూహం కూడా వాళ్ల ప్రాధాన్యాలనూ జ్ఞానాన్నీ కేంద్రంలో పెట్టాలంది. మనకు వాళ్ల పద్ధతి ఉన్నదున్నట్టు సరిపోదు, కానీ దారి అదే.

అడిగే తీరు

"పథకం బాగుందా?" అని అడిగితే "బాగుంది సార్" అంటారు. అది జవాబు కాదు, మర్యాద. జరిగిన సంగతి అడగండి. "పోయిన వానాకాలం జ్వరమొస్తే ఎక్కడికి పోయినారు? ఎవరు తీసుకుపోయినారు? ఎంత ఖర్చయింది? ఆ డబ్బు ఎక్కడ తెచ్చినారు?" ఇలా ఒక్క జ్వరాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పించుకుంటే ఆరోగ్య పథకం మీద యాభై ప్రశ్నల ఫారం ఇవ్వనిది దొరుకుతుంది.

కూర్చోబెట్టి అడగడం కన్నా నడుస్తూ అడగడం మేలు. బోరు దగ్గరికి తీసుకెళ్లమనండి, అక్కడే బోరు కథ వినండి. తేనె కిట్లు పంచారనుకోండి. తాడు, గ్లౌజులు, ముఖానికి తొడుగు ఎన్ని ఇచ్చారన్నది మీ దగ్గర కాగితంలో ఉంది. వాటిని బయటికి తీయించి చూడండి. కొండ అంచు మీంచి కిందికి దిగి తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టేది భార్య తమ్ముడో అన్నో అయ్యుండాలనేది చెంచుల ఆనవాయితీ. తన అక్కాచెల్లెళ్ల పసుపుకుంకాలు ఆ తాడు మీదే ఉన్నాయని అతనికి తెలుసు. అంటే వాళ్ల భద్రత వస్తువులో కన్నా చుట్టరికంలో ఉంది. మరి శిక్షణకు పిలిచినప్పుడు ఇద్దరినీ పిలిచారా, పేరున్న ఒక్కడినే పిలిచారా? కొత్త తాడును వాళ్ల చేతులు నమ్ముతున్నాయా? దిగే మనిషినే కాక, పట్టే మనిషినీ అడగండి.

ఆడవాళ్లతో విడిగా, ఆడమనిషే మాట్లాడాలి. సారా, కొట్లాట, కాన్పు, హాస్టల్లో ఆడపిల్లల భద్రత మగవాళ్లున్న మీటింగులో బయటికి రావు.

గూడెం నుంచే ఇద్దరిని మీ బృందంలోకి తీసుకోండి. చదవను రాయను వచ్చిన కుర్రాడో అమ్మాయో ఒకరు, అందరి ఇళ్లలోకీ చొరవగా పోగలిగే పెద్దామె ఒకరు. వాళ్లను దారి చూపించే మనుషులుగా వాడుకుని వదిలేయొద్దు. ప్రశ్న ఎలా అడగాలో, జవాబుకు అర్థం ఏమిటో తేల్చేటప్పుడు వాళ్లు మీ పక్కన ఉండాలి.

బంగ్లాదేశ్‌లో 1990ల మధ్యలో పుట్టిన ఒక పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. 'మీకు అన్నిటికన్నా పెద్దదిగా తోచిన మార్పు ఏది?' అని కథలు సేకరించి, వాటిలో ఏది ముఖ్యమో, ఎందుకో నలుగురూ కూర్చుని తేలుస్తారు. ఆ ఎంపిక గూడెంలోనే జరగాలి. మీ ఆఫీసులో మీరే ఏరుకుంటే పద్ధతి పేరే మిగులుతుంది.

రాసుకోకూడనివి

తేనెపట్టు ఉన్న కొండ ఏది, ఏ వేరు ఏ రోగానికి, దేవర చోటు ఎక్కడ అన్నవి మీ పనికి అవసరం లేదు. మాటల్లో దొర్లినా జీపీఎస్ గుర్తు పెట్టకండి, రిపోర్టులో వేయకండి. సమాచారం మీద అధికారం ఆదివాసులదే, లాభమూ వాళ్లకే చెందాలని 2019లో వచ్చిన కేర్ సూత్రాలు చెబుతున్నాయి. ఆధార్ నంబర్లు మీకు అక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పాతిక కుటుంబాలున్న గూడెంలో 'భర్త చనిపోయిన ఒక మహిళ ఇలా అన్నారు' అని రాస్తే పేరు రాయకపోయినా ఎవరో తెలిసిపోతుంది. బీట్ ఆఫీసర్ మీదో, డీలర్ మీదో ఆమె చెప్పిన మాట రేపు ఆమెకే చుట్టుకుంటుంది. అలాంటివి మూడు నాలుగు గూడేలవి కలిపి రాయండి, లేదా ఆమెనే అడిగి ఎలా రాయాలో తేల్చుకోండి. పాతిక కుటుంబాల్లో శాతాలు కూడా వేయొద్దు. '25 ఇళ్లలో 7' అని రాస్తే చాలు.

తిరిగి వినిపించాలి

ఈ పని రాయలసీమకు కొత్తేమీ కాదు. 2006లో అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ పనుల మీద పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) ఉన్నది ఊరి ముందు పైకి చదివారు, పేరున్న మనిషి లేచి నిజమో అబద్ధమో చెప్పాడు. మీ రిపోర్టుకూ అదే పని చేయండి.

ఇంగ్లీషులో రాసింది వాళ్లకు ఇవ్వడం ఇవ్వనట్టే. పదీ పదిహేను నిమిషాల్లో చదవగలిగేలా తెలుగులో రాసి, వీలైతే గూడెం మనిషితోనే చదివించండి. ప్రతి విషయం దగ్గరా ఆగండి. "మేము అట్ల అనలేదు" అంటే దిద్దండి. "అన్నాం గానీ రాయొద్దు" అంటే తీసేయండి. మీరు చూసిందీ వాళ్లు చెప్పిందీ పొసగకపోతే రెండూ రాయండి. వాళ్ల అభ్యంతరాలకు ఒక పేజీ విడిగా పెట్టండి, డబ్బిచ్చిన సంస్థ ఆ పేజీని కత్తిరించకూడదని ఒప్పందంలోనే ఉండాలి.

ఆ సాయంత్రమే ఏ సమస్య ఏ శాఖదో విడదీయండి. బోరు సంగతి ఒకరిది, పట్టా సంగతి ఇంకొకరిది, జీసీసీ ధర మరొకరిది. ప్రతిదాని ఎదుట ఎవరిని అడగాలి, ఎప్పటిలోగా అని రాయండి. ఒక కాపీ పెద్దమనిషి దగ్గర, ఒకటి అంగన్‌వాడీలో, ఒకటి గ్రామ సచివాలయంలో ఉంచండి. చదవలేని వాళ్ల కోసం అదే తెలుగు పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసి గూడెం కుర్రాళ్లకు పంపండి.

ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లడానికి బస్సు ఖర్చు, ఇద్దరి కూలి మొదటి బడ్జెట్‌లోనే వేసుకోండి. ఆ రోజు ఆ జాబితాను పైనుంచి కిందికి చదివి, జరిగిన వాటి పక్కన టిక్కు పెట్టించండి. జరగని వాటి పక్కన కారణం రాసి, ఆ కాగితాన్ని ఐటీడీఏ పీవోకు (ప్రాజెక్టు అధికారికి) గూడెం వాళ్ల చేతుల మీదుగానే ఇప్పించి, రసీదు తీసుకోండి.